తొమాష్ గొల్లోబ్ ఎవరు? పోలండ్‌లో జనానికి అతనంటే ఎందుకంత ప్రేమ?

ప్రశ్న అడిగినవారి అన్నయ్య పోలండ్‌లో పనిచేస్తున్నారట. ఆఫీసులో ఓ పెద్దాయన గొల్లోబ్ అనే బైక్ రేసర్ గురించి గంటసేపు చెప్పి చివర్లో కళ్లు తుడుచుకున్నారట. "ఎవరీయన? అసలు ఇదేం రేసు?" అన్నది ప్రశ్న.

నేను ఉద్యోగం మీద కొన్నేళ్లు బిద్గోష్చ్ అనే ఊళ్లో ఉన్నాను. గొల్లోబ్ 1971లో పుట్టింది ఆ ఊళ్లోనే. అయితే అతను రేసు చేస్తుంటే నేను చూడలేదు. నేను వెళ్లేసరికే అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. నాకు తెలిసిందంతా స్టేడియంలో పక్కన కూర్చున్నవాళ్లు చెప్పింది, ఇంటికొచ్చాక పాత వీడియోలు వెతికి చూసుకున్నది. చూడని మనిషికి అభిమాని కావడం వింతే, కానీ ఆ ఊళ్లో ఉంటే తప్పదు.

ముందు రేసు సంగతి. గొల్లోబ్ చేసింది స్పీడ్‌వే అనే బైక్ రేసు, దాన్ని పోలండ్‌లో జుజెల్ అంటారు. నలుగురు రేసర్లు, నాలుగు ల్యాపులు, సుమారు ఒక నిమిషం. ట్రాక్ అండాకారంలో ఉంటుంది, చుట్టుకొలత చాలాచోట్ల మూడొందలు, నాలుగొందల మీటర్ల మధ్య. తారు ఉండదు, నలిగిన రాతిపొడీ మట్టీ కలిసిన నేల. బైకు 500 సీసీ, ఒకటే సిలిండర్, ఒకటే గేరు. పెట్రోలు కాదు, మిథనాల్ అనే ఒకరకం ఆల్కహాల్ పోస్తారు. బ్రేకులు ఉండవు. ఇది చెప్పినప్పుడు మావాళ్లెవరూ నమ్మలేదు. నిజంగానే ఉండవు. తిరగడం ఎప్పుడూ ఎడమవైపే. మలుపు రాగానే వెనక చక్రాన్ని కావాలనే జారనిచ్చి, హ్యాండిల్‌ని కుడివైపు తిప్పి, ఎడమకాలు నేలకి ఆనించి ఈడుస్తూ వెళ్తారు. ఆ బూటు అడుగున ఇనప తొడుగు ఉంటుంది. వర్షంలో పొలంగట్టు మీద సైకిల్ వెనక చక్రం జారినప్పుడు మనం పడకుండా హ్యాండిల్‌ని ఎలా తిప్పుతామో అలాగే. కాకపోతే వీళ్లు ఆ జారుడులోనే ఉండిపోయి, అదే స్థితిలో పక్కవాణ్ణి దాటాలని చూస్తారు.

మొదటివాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, చివరివాడికి సున్నా. లీగ్ మ్యాచ్ అయితే 15 హీట్లు, అంటే ఇలాంటి చిన్న రేసులు పదిహేను. ప్రతి హీట్‌లో ఇటు జట్టువాళ్లు ఇద్దరు, అటువాళ్లు ఇద్దరు. ఒకే జట్టువాళ్లు మొదటి, రెండో స్థానాల్లో వస్తే 5-1. స్టేడియం ఊగిపోతుంది.

ఇది ఎక్కువగా చిన్న ఊళ్ల ఆట. లెష్నో, గొజూఫ్, జియెలోనా గూరా, తార్నూఫ్, గ్రుజోంత్స్... పోలండ్ బయట చాలామంది పేరు కూడా వినని ఊళ్లు. అక్కడ ఆదివారం అంటే చర్చి, మధ్యాహ్న భోజనం, ఆ తర్వాత జుజెల్. తాతలు, అమ్మమ్మలు, చంకలో పిల్లలతో తల్లులు అందరూ వస్తారు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లాలంటే కొంచెం భయపడే ఆడవాళ్లు కూడా ఇక్కడికి నిశ్చింతగా వస్తారని మా ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ఆవిడే నన్ను మొదటిసారి తీసుకెళ్లింది.

బిద్గోష్చ్ జట్టు పేరు పొలోనియా. స్టేడియం బ్ర్దా నదికి దగ్గర్లో ఉంటుంది, పాతది. లోపలికి వెళ్తూనే ఇంజన్ల వాసన. ఆ వాసన గురించి అభిమానులు కవిత్వం చెబుతారు. పాతకాలంలో ఈ బైకుల్లో ఆముదంతో చేసిన ఇంజన్ ఆయిల్ వాడేవాళ్లు. మాడిన ఆముదం, మిథనాల్ కలిసిన ఆ పొగ పీల్చినవాడు జీవితాంతం వదలడని ఓ సామెతలా చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే నెత్తిన ఆముదం పోసి మర్దన చేస్తే పారిపోయిన నాకు, ఆ పేరు అక్కడ వినడం భలే నవ్వు తెప్పించింది.

గేటు దగ్గర ప్రోగ్రాం అమ్ముతారు, పలుచటి పుస్తకం. ఏ హీట్‌లో ఎవరు, ఏ రంగు హెల్మెట్ అన్నీ గళ్లల్లో ఉంటాయి. జనం పెన్ను తెచ్చుకుని ప్రతి హీట్ అయ్యాక పాయింట్లు రాసుకుంటారు. పెద్ద స్క్రీన్ ఉన్నా సరే రాసుకోవాల్సిందే. మరో చేత్తో పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఊస్తుంటారు. మ్యాచ్ అయ్యేసరికి కాళ్ల కింద పొట్టు చాప పరిచినట్టు ఉంటుంది. ఊడ్చేవాళ్లని తలుచుకుంటే జాలేసింది.

ఇక గొల్లోబ్. రికార్డులు చకచకా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడివాళ్లు అసలు మాట్లాడేది వాటి గురించి కాదు. పొలోనియాతో 1992, 1997, 1998, 2000, 2002లో దేశపు లీగ్ టైటిల్. పోలండ్ వ్యక్తిగత చాంపియన్ ఎనిమిదిసార్లు. 1995లో ప్రపంచ చాంపియన్‌షిప్‌ని ఒక్క రాత్రి ఫైనల్ నుంచి గ్రాండ్ ప్రి సిరీస్‌గా, అంటే సీజన్ పొడుగునా వరసగా సాగే పోటీలుగా మార్చినప్పుడు, మొట్టమొదటి గ్రాండ్ ప్రి వ్రొత్స్వావ్‌లో జరిగితే గెలిచింది ఇతనే. 1997, 1998, 2001, 2008లో ప్రపంచ కాంస్యం. 1999, 2009లో రజతం. 2010లో స్వర్ణం. అప్పటికి అతనికి 39 ఏళ్లు. అంతకుముందు పోలండ్ నుంచి ప్రపంచ చాంపియన్ అయినవాడు ఒక్కడే, 1973లో యెజీ ష్చాకియెల్. అంటే 37 ఏళ్లు ఆ దేశం ఎదురుచూసింది.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. మా పక్క ఫ్లాట్‌లో రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. ఒకసారి మెట్ల మీద కలిసినప్పుడు, నేను జుజెల్ చూడటానికి వెళ్తున్నానని తెలిసి నన్ను ఆపేశారు. నా పోలిష్ అంతంతమాత్రం, ఆయనకి ఇంగ్లీషు రాదు. అయినా చేతులతో చూపించారు. అరచేతిని బైకులా ఏటవాలుగా పెట్టి, మెట్ల పక్క గోడని ఆనిస్తూ బర్రున తీసుకెళ్లారు. "ఇదీ గొల్లోబ్" అన్నారు. గోడ సున్నం ఆయన చేతికి అంటుకుంది.

అదే అసలు విషయం. ట్రాక్ లోపలి అంచు దగ్గరి దారి, దూరం తక్కువ. తెలివైనవాడు స్టార్ట్ బాగా తీసుకుని ఆ లోపలి గీత పట్టుకుని వెళ్లిపోతాడు. నాలుగే ల్యాపులు కాబట్టి స్టార్ట్ పోతే సగం రేసు పోయినట్టే. గొల్లోబ్ స్టార్ట్ పోగొట్టుకుంటే స్టేడియంలో దిగులు పడేవాళ్లు కాదట, పైగా సంతోషించేవాళ్లట. ఎందుకంటే అప్పుడు అతను బయటి కంచె వైపు వెళ్తాడు. రేసు సాగుతున్న కొద్దీ చక్రాలు విసిరిన వదులు మట్టి అంతా బయటివైపు పోగవుతుంది. అక్కడ టైరుకి పట్టు దొరుకుతుంది, వేగం పెరుగుతుంది. కానీ కంచెకీ హ్యాండిల్‌కీ మధ్య జానెడు ఖాళీ ఉండదు. ఆ రోజుల్లో చాలా ట్రాకుల్లో గాలి నింపిన మెత్తటి కంచెలు కూడా లేవు, చెక్క పలకలే. ఆ సందులోంచి అతను ఒకణ్ణి, తర్వాత ల్యాప్‌లో ఇంకొకణ్ణి దాటుకుంటూ వచ్చేవాడు.

వీడియోల్లో చూశాక నాకు అర్థమైంది, అది గుడ్డి ధైర్యం కాదని. మిగతావాళ్లు మలుపు మధ్యలో ఉండగానే అతను థ్రాటిల్ పూర్తిగా తెరిచేస్తాడు. ముందు ల్యాప్‌లో ఏ మూల మట్టి ఎంత కదిలిందో చూసుకుని తర్వాతి ల్యాప్‌కి దారి మార్చేస్తాడు. ఇంట్లో మూడుసార్లు వెనక్కి తిప్పి చూస్తే తప్ప నాకు తెలియని విషయాన్ని అతను గంటకి వంద కిలోమీటర్ల దరిదాపు వేగంలో కనిపెడుతున్నాడన్నమాట.

అందుకే తమాషా ఏమిటంటే, అభిమానుల్లో ఏ ఇద్దరినడిగినా ఒకే రేసు చెప్పరు. ప్రపంచ టైటిల్ గెలిచిన రాత్రి చెబుతారని మనం అనుకుంటాం. వాళ్లు చెప్పేది ఏదో మామూలు లీగ్ మ్యాచ్‌లో పదకొండో హీట్. ఫలానా ఊరివాడు ముందున్నాడు, రెండో ల్యాప్‌లో గొల్లోబ్ మూడో స్థానంలో ఉన్నాడు, మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు, మట్టి వచ్చి నా కోటు నిండా పడింది, అమ్మ ఇంట్లో తిట్టింది... ఇలా సాగుతుంది. నిజంగా అది జరిగిందో, నాలుగైదు మ్యాచ్‌లు కలిసి ఒకటైపోయాయో చెప్పలేం. మా ఆఫీసావిడ దగ్గర వాళ్ల నాన్న వదిలి వెళ్లిన ప్రోగ్రాంల కట్ట ఉంది. 90ల నాటివి. ఆయన పెన్సిల్‌తో గళ్లన్నీ నింపేవారు. గొల్లోబ్ గళ్లలో మాత్రం 3 అంకెని రెండుసార్లు దిద్దేవారు. ఆవిడ వాటిని నాకు చూపిస్తూ ఒక్కో ఏడాదీ చెబుతుంటే, అది వాళ్ల ఇంటి చరిత్ర చెబుతున్నట్టే ఉంది: ఈ ఏడు నాన్నకి ఉద్యోగం పోయింది, ఈ ఏడు చెల్లి పుట్టింది.

ఉద్యోగం పోవడం అన్నాను కదా, అది చిన్న మాట కాదు. 1989లో కమ్యూనిస్టు పాలన పోయాక పోలండ్‌లో పాత కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. ఆ 90ల్లో గెలుస్తూ కనిపించినవాళ్లు తక్కువ. సొంత ఊరి కుర్రాడు గొల్లోబ్, తన నాన్న వ్వాదిస్వావ్ వెనకుండి నడిపిస్తే, అన్న యాత్సెక్‌తో కలిసి ఒకే జట్టులో తిరుగుతూ, స్వీడన్, డెన్మార్క్, ఇంగ్లండ్ వాళ్లని మట్టిలో వెనక్కి నెట్టడం అనేది ఆ ఊరివాళ్లకి ఆటకంటే ఎక్కువే. ఇది నా అభిప్రాయం. మా పక్క ఫ్లాట్ పెద్దాయన్ని అడిగితే "అదేం లేదు, వాడు బాగా నడిపేవాడు, అంతే" అన్నారు.

ఇక 1999. ఈ ఒక్క ఏడాది గురించి బిద్గోష్చ్‌లో ఇప్పటికీ గొడవలవుతాయి. ఆ సీజన్లో అతను ప్రపంచ టైటిల్‌కి అతి దగ్గరగా వచ్చాడు. చివరి గ్రాండ్ ప్రి డెన్మార్క్‌లోని వొయెన్స్‌లో. దానికి కొద్దిరోజుల ముందు వ్రొత్స్వావ్‌లో "గోల్డెన్ హెల్మెట్" అనే దేశీయ పోటీ ఫైనల్. అక్కడ ఘోరంగా పడ్డాడు. ఒళ్లు కూడదీసుకుని, దెబ్బలతోనే వొయెన్స్‌లో దిగాడు. టైటిల్ స్వీడన్ రేసర్ టోనీ రికార్డ్‌సన్‌కి పోయింది. గొల్లోబ్‌కి రజతం.

"ప్రపంచ టైటిల్ ముందు పెట్టుకుని ఆ చిన్న పోటీకి ఎందుకెళ్లాలి?" అని ఒక వర్గం. "వెళ్లకుండా ఉంటే వాడు గొల్లోబ్ ఎందుకవుతాడు?" అని ఇంకో వర్గం. స్టేడియం బయట సాసేజ్ బండి దగ్గర ఇద్దరు తాతలు ఈ విషయం మీద గట్టిగా అరుచుకోవడం నా కళ్లారా చూశాను, ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత! ఆ ఏడాది చివర్లో పోలండ్ జనం ఓటేసి ఉత్తమ క్రీడాకారుడిగా ఎన్నుకున్నది ప్రపంచ టైటిల్ ఓడిపోయిన గొల్లోబ్‌నే. నాకు అర్థమైనంతలో, అతను వాళ్ల సొంత మనిషి అయింది అప్పుడే. 2010 స్వర్ణం దానికి ఆలస్యంగా వచ్చిన రసీదు లాంటిది.

ఇంత ప్రేమలోనూ ఒక ముల్లుంది. 2003 సీజన్ తర్వాత అతను పొలోనియా వదిలి తార్నూఫ్ వెళ్లాడు. 2004, 2005లో వాళ్లకి టైటిల్ తెచ్చిపెట్టాడు. తర్వాత గొజూఫ్. సరే, వృత్తి అన్నాక తప్పదు, క్లబ్బుల డబ్బు కష్టాలు అందరికీ తెలుసు. కానీ 2013లో తొరున్య జట్టుకి వెళ్లి రెండేళ్లు ఉన్నాడు. తొరున్య అంటే బిద్గోష్చ్‌కి నలభై యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పొరుగూరు, పుట్టు శత్రువు. రెండు ఊళ్లకీ జుజెల్‌లోనే కాదు, ఆఫీసులు ఎవరికి రావాలి, జిల్లా పెత్తనం ఎవరిది అన్న ప్రతిదాంట్లో పోటీనే. పైగా అదే సీజన్లో పొలోనియా పై లీగ్ నుంచి కిందికి పడిపోయింది. మా పక్కింటి పెద్దాయన ఆ రెండేళ్ల గురించి అడిగితే మాట మార్చేసేవారు. ఒకసారి మాత్రం "తొరున్య రంగులు వాడికి నప్పలేదు" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ తొరున్య రోజుల్లోనే ఒక విడ్డూరం జరిగింది. 2013 సెప్టెంబర్లో స్టాక్‌హోమ్ గ్రాండ్ ప్రిలో గొల్లోబ్ పడి గాయపడ్డాడు. మర్నాడే జియెలోనా గూరాలో లీగ్ ఫైనల్. గాయాలతో మనుషుల్లేరని తొరున్య జట్టు రేసు చెయ్యకుండానే స్టేడియం నుంచి వెళ్లిపోయింది. పోలండ్ జుజెల్‌లో అంత పెద్ద రభస అరుదు. దీన్ని బిద్గోష్చ్ వాళ్లు ఎంత రుచిగా చెబుతారో వినాలి.

అతనికి గండాలు కొత్త కాదు. 2007లో తండ్రి నడుపుతున్న చిన్న విమానం కూలిపోయింది. తొమాష్, తోటి రేసర్ రూనే హోల్టా అందులో ఉన్నారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అది ఏప్రిల్ ఒకటో తేదీ. ఫోన్ చేసి చెప్పినా చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారని మా ఆఫీసావిడ చెప్పింది.

2017 ఏప్రిల్ 23. ఆదివారం. అప్పటికి 46 ఏళ్లు, గ్రుజోంత్స్ జట్టులో ఉన్నాడు. హెల్మ్నో అనే ఊళ్లో మోటోక్రాస్ ట్రాక్ మీద పడ్డాడు. మోటోక్రాస్ అతనికి సరదా కూడా, ఒంటికి సాధన కూడా. వెన్నెముక దెబ్బతింది. బిద్గోష్చ్‌లోని మిలిటరీ ఆస్పత్రికి తెచ్చి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, కాళ్లు రాలేదు. బ్రేకుల్లేని బైకు మీద దాదాపు ముప్పై ఏళ్లు కంచె రాసుకుంటూ తిరిగినవాడికి, ఆ ట్రాక్ బయట, వేరే బైకు మీద ఇలా అవడం వాళ్లకి ఇప్పటికీ మింగుడుపడదు. మీ అన్నయ్య ఆఫీసులో పెద్దాయన కళ్లు తుడుచుకున్నది ఇక్కడే అయ్యుంటుంది. నేను గమనించింది ఏమిటంటే, అభిమానులు ఈ భాగాన్ని ఎప్పుడూ పొడిగించరు. ఒక వాక్యంలో చెప్పి, వెంటనే ఏదో పాత హీట్ ఎత్తుకుంటారు. అతన్ని జాలిగా చూడటం వాళ్లకి ఇష్టం ఉండదు. అతను ఆ తర్వాత కూడా బయటికి వచ్చాడు, నొప్పుల గురించి దాచకుండా మాట్లాడాడు, రేసులు చూడటానికి వచ్చాడు. స్టేడియంలో అతను ఉన్నాడని మైకులో చెప్పగానే జనం లేచి నిలబడతారట.

ఇక కొత్తవాళ్ల సంగతి: ఇప్పుడు పోలండ్‌కి బార్తోష్ జ్మార్జ్లిక్ ఉన్నాడు. గొల్లోబ్ గొజూఫ్‌లో ఉన్నప్పుడు అదే జట్టులోకి వచ్చిన పిల్లవాడు. 2019లో మొదటిసారి ప్రపంచ చాంపియన్ అయ్యాడు, ఆ తర్వాత కూడా పలుమార్లు. లెక్కల్లో గొల్లోబ్‌ని ఎప్పుడో దాటేశాడు. మా పక్కింటి పెద్దాయన కూడా ఒప్పుకుంటారు. అయితే జ్మార్జ్లిక్ ఎవరినైనా బయటివైపు నుంచి దాటిన ప్రతిసారీ "చూశావా, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు!" అని నన్ను మోచేత్తో పొడిచేవారు.

మీ అన్నయ్యకి నా సలహా ఒకటే. ఏప్రిల్ నుంచి శరదృతువు దాకా సీజన్ ఉంటుంది. దగ్గర్లో ఏ ఊళ్లో మ్యాచ్ ఉంటే అక్కడికి ఆ ఆఫీసు పెద్దాయన్నే తోడు తీసుకుని వెళ్లమనండి. మలుపు దాటే చోట కూర్చుంటే దాటడాలన్నీ బాగా కనిపిస్తాయి, కానీ ముందు వరసల్లో మట్టి మొహాన కొడుతుంది, తెల్ల చొక్కా వద్దు. ఇంజన్ల మోత గట్టిగా ఉంటుంది, చిన్నపిల్లలుంటే చెవులకి ఏదైనా పెట్టాలి. పెన్ను మర్చిపోకూడదు. వాన ఎక్కువైతే ట్రాక్ మీద రేసు చెయ్యలేరు, వాయిదా వేస్తారు, కాబట్టి ఆ ఆదివారం సాయంత్రానికి ఇంకేదైనా ఏర్పాటు కూడా చూసుకోమనండి.